గడ్డివామిలో దాచిన ఈటె

క్రిమినల్ కోర్టుల్లో తిరిగినవాళ్లకు, పోలీసులు సాక్షుల ఎదుట రాసే మధ్యవర్తుల నివేదికలోని, అంటే పంచనామాలోని ఒక వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది: ‘నా వెంట వస్తే దాచిన చోటు చూపిస్తాను.’ ముద్దాయి పట్టభద్రుడైనా, వేలిముద్రగాడైనా ఆ మాట అచ్చు గుద్దినట్టు ఒకలాగే ఉంటుంది. దానికి మూలం గుంటూరు జిల్లాలో జరిగిన ఒక పార్టీల కొట్లాట.

అంతకు ముందు కథ కొంత ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం జనాన్ని హింసిస్తున్నారని 1855లో ప్రభుత్వం వేసిన కమిషనే తేల్చింది. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కట్టడి చేసింది. 1872 సాక్ష్య చట్టం దాన్ని 25, 26 సెక్షన్లలో నిలిపి, 27లో ఒక సందు వదిలింది: కస్టడీలో ముద్దాయి చెప్పినదాన్ని బట్టి ఏదైనా బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన మేరకు ఆ మాట చెల్లుతుంది.

ఏ మేరకు? ఆయుధం దొరికితే ‘దీంతోనే చంపాను’ అన్నదీ చెల్లుతుందని 1937లో అత్తప్ప గౌండన్ కేసులో మద్రాసు హైకోర్టు అంది. 1945 డిసెంబరులో గుంటూరు జిల్లాలో ఒక పార్టీవాళ్లు కాపుగాసి అవతలి పార్టీవాళ్లను చంపారు. కస్టడీలో ఒక ముద్దాయి అంతా చెప్పేశాడు: అందరం కలిసి కొట్టి చంపాం, మావాడొకడు ఈటె నా చేతికిచ్చాడు, దాన్నీ నా కర్రనూ ఫలానావాడి గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను, చేయించింది కోటయ్య. కింది కోర్టులు మొత్తం తీసుకున్నాయి.

అప్పీలు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. అదే పులుకూరి కోటయ్య కేసు. తీర్పు రాసిన సర్ జాన్ బ్యూమాంట్ ఆ వాంగ్మూలాన్ని కత్తిరించాడు. దాచాను, చూపిస్తాను అన్నవి చెల్లుతాయి. చంపాం, చేయించాడు అన్నవి చెల్లవు. బయటపడింది ఈటె కాదు, అది ఆ వామిలో ఉందన్న సంగతి, అది ముద్దాయికి తెలుసన్న సంగతి. శిక్షలు రద్దు చేసి, ఆ మాటలు తీసేస్తే మిగిలే సాక్ష్యం చాలుతుందో లేదో చూడమని కేసును మద్రాసుకు తిప్పి పంపారు. నా దృష్టిలో మన నేర విచారణలో ఇంత సూక్ష్మంగా గీసిన గీత మరొకటి లేదు. కానీ ఆ గీతకు ఇటువైపు ఉండేలా వాక్యం రాయడం పోలీసులూ త్వరగానే నేర్చుకున్నారు.

1960లో దేవమన్ ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ 27ను నిలబెట్టింది. మన కోకా సుబ్బారావు గారు మాత్రం ఒప్పుకోలేదు: కస్టడీలో ఉన్నవాడికొక న్యాయం, బయట ఉన్నవాడికొక న్యాయం అయితే చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణం ఏమైనట్టు? మరుసటి ఏడాది పదకొండుమంది జడ్జీల బెంచి, బలవంతం లేనంతవరకు 27 రాజ్యాంగ విరుద్ధం కాదంది. సోదాల్లోనూ కోర్టులది ఇలాంటి పట్టువిడుపే. సోదా చట్టప్రకారం జరగకపోయినా దొరికిన వస్తువు సాక్ష్యమేనని 1963లో ఒక పోస్ట్‌మన్ కేసులో, 1974లో పూరన్‌మల్ ఆదాయపు పన్ను కేసులో అన్నారు.

అప్పీలు జడ్జి గడ్డివామిని చూడడు, కాగితాన్నే చూస్తాడు. అందుకే 2022లో సుబ్రమణ్య కేసులో సుప్రీంకోర్టు ఆ కాగితాన్నే నిలదీసింది: ముద్దాయి అన్న మాటలు అన్నట్టుగా పంచనామాలో ఏవి? మధ్యవర్తులు వాటిని చెవులారా విన్నారా?

2024 జూలై 1 నుంచి 27వ సెక్షన్ భారతీయ సాక్ష్య అధినియమంలో 23 కింద ఒక మినహాయింపుగా మారింది. కొత్త ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 105వ సెక్షన్‌లో సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలంటుంది. స్టేషన్‌లో ముద్దాయి నోరు విప్పిన ఘడియను తీయాలని మాత్రం అందులో లేదు.