సానరాయి నుండి బఫింగు చక్రం దాకా

హైదరాబాదుకు ఉత్తరాన రెండు పెద్ద రహదారులు చీలిపోతున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరుకు, మరొకటి శామీర్‌పేట మీదుగా కరీంనగరుకు పోతుంది. ఈ ప్రాంతపు నేల చాలవరకు గ్రానైటు శిలలు చివికి ఏర్పడినదే. అందులోని క్వార్ట్జు రేణువుల కాఠిన్యం మోస్ కొలమానంలో 7. అవి గాజును సైతం గీరగలవు. కారు రంగు గాజుకంటె ఎంతో మెత్తనిది. కనుక దారిదుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడవడమంటే దానిని ఉప్పుకాగితంతో రుద్దడమే. ఎండలో సాలెగూటివలె కనిపించే గీతలు చాలవరకు ఇట్లా పుట్టినవే. వాటిని పోగొట్టడానికే బఫింగు చేస్తారు.

మెరుపు అంటే ఏమిటి?

తలం మీది ఎగుడుదిగుళ్ళు కాంతి తరంగం పొడవుకంటె చాల చిన్నవైనప్పుడు కాంతి చెదరక, అద్దం మీదనుండివలె ఒకే దిశలో మరలుతుంది. కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు 0.4 నుండి 0.7 మైక్రాన్ల దాకా ఉంటుంది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మెరుగుపెట్టడమంటే పెద్ద గీతలను చిన్న గీతలుగా, చిన్నవాటిని కంటికి అందనివిగా మార్చడమేనని న్యూటన్ 1704 లో ప్రచురించిన తన కాంతిశాస్త్ర గ్రంథంలో సూచించాడు. కనుక మెరుపు కొత్తగా పూసినది కాదు. కొంత తీసివేయగా మిగిలినది.

మన దేశపు సాన

ఈ రహస్యం రత్నాలను సానపట్టేవారికి ఏనాటినుండో తెలుసు. కురువిందం అల్యూమినియం ఆక్సైడు ఖనిజం. దాని కాఠిన్యం 9. ఖమ్మం ప్రాంతంలో కూడ ఇది లభిస్తుంది. కురువిందపు పొడిని కరిగించిన లక్కతో కలిపి చక్రంగా పోసి, రాళ్ళను అరగదీసేవారు. ఈ ఖనిజానికి పాశ్చాత్యులు వాడే కోరండం అనే పేరు దక్షిణ భారతదేశపు మాటే. ల్యాకరు అనే మాటకూ మూలం లక్కే.

లక్కపూతను ఏటికొప్పాకలో నేటికీ చూడవచ్చును. తరిమెనపై తిరిగే అంకుడు కర్రకు లక్కను అదిమితే, రాపిడివల్ల పుట్టిన వేడికే అది కరిగి పరచుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్ది నిగ్గు తెస్తారు. తిరిగే తలం, రాపిడి, వేడి, మెత్తని ఒత్తిడి - బఫింగులో ఉన్న అంగాలన్నీ ఇక్కడ కలవు.

వార్నీషు పోయి డ్యూకో వచ్చినది

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారు ఉన్నది. దానిని కోరి చేయించిన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1911 లోనే మరణించారు. ఆ కాలంలో మేలైన కార్లకు బండ్లకు వేసినట్టే రంగు, వార్నీషు పొరలు పొరలుగా పూసేవారు. నూనె వార్నీషు గాలిలోని ఆమ్లజనిని గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. నడుమ నడుమ ప్యూమిస్ రాతిపొడితో, నీటితో రుద్దాలి. ఒక్క కారు ముగియడానికి వారాలు పట్టేది.

1923 లో డ్యూకో అనే నైట్రోసెల్యులోజు పూతను జనరల్ మోటార్సు వారు ఓక్లండ్ కార్లకు ప్రవేశపెట్టారు. ఇందులోని ద్రావకం ఎగిరిపోగానే పూత ఆరుతుంది. వారాల పని గంటలలోనికి వచ్చినది. అయితే పిచికారీ చేసిన ల్యాకరుకు తగినంత నిగనిగ రాదు. దానిని రుద్ది తీరాలి. అట్లా మెరుగుపెట్టడం కర్మాగారపు పనిలో ఒక భాగమైనది. తరువాత నిర్మల్ చిత్రకారులు సైతం డ్యూకో రంగులను స్వీకరించారు.

ఎక్కడ ఆగాలి?

20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో రంగుపొర మీద పారదర్శకమైన మరొక పొర వేసే పద్ధతి వ్యాపించినది. దీనినే క్లియర్ కోటు అంటారు. దీని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు మాత్రమే. తలవెంట్రుక ఇంతకంటె లావు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఈ పొరలోనే ఉంటాయి. గట్టిగా బఫింగు చేసిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు శాశ్వతంగా పోతాయి. గీతను పోగొట్టడమంటే దాని అడుగుదాకా చుట్టూ ఉన్న పొరనంతా దించడమే. అందుచేత లోతైన గీతను పూర్తిగా తీయకుండ విడిచిపెట్టడమే ఒక్కొక్కప్పుడు నేర్పు.

యంత్రపు చక్రాన్ని ఒకేచోట నిలిపితే వేడికి పొర కాలిపోతుంది. అంచుల వద్ద పూత మరింత పలుచన. పొర అరిగి రంగు బయటపడితే ఏ మైనమూ దానిని తిరిగి తేలేదు. మరల రంగు చల్లవలసిందే. ఆ పూతలలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హానిచేసి ఉబ్బసం కలిగించగలవు. తగిన శ్వాసరక్షణ లేకుండ పనిచేసే కార్మికుడే ఆ తొందరపాటుకు మూల్యం చెల్లిస్తాడు.

నేటి పాలిషు ముద్దలలో విరివిగా వాడే పొడి అల్యూమినియం ఆక్సైడే. అనగా పదార్థరీత్యా మన కురువిందమే. రత్నానికి సానపట్టేటప్పుడు పనివాడు ప్రతి రవ్వనూ లెక్కించేవాడు. కారు పూతకూ ఆ పొదుపే అవసరం. మేడ్చల్, శామీర్‌పేట దారుల దుమ్మును ముందుగా ధారాళమైన నీటితో కడిగి, ఆ తరువాతనే మెత్తని తడిగుడ్డ తాకిస్తే, చక్రంతో పని చాలవరకు తప్పుతుంది.