ఇరవై ఏళ్లన్నారు, డెబ్బై దాటాయి

1955 ఆగస్టులో జెనీవాలో అణుశక్తి మహాసభకు అధ్యక్షత వహించిన హోమీ భాభా ఓ జోస్యం చెప్పారు. హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారేటప్పుడు వెలువడే శక్తిని అదుపులో పెట్టే దారి మరో రెండు దశాబ్దాల్లో దొరుకుతుందని. అగ్రరాజ్యాలు అప్పటికే ఆ పనిలో గుట్టుగా ఉన్నాయి.

తొందరపడి ముందుగా నవ్వులపాలైంది బ్రిటన్. హార్వెల్‌లోని జీటా యంత్రంలో ఈ కేంద్రకాల కలయికను, అంటే సంలీనాన్ని, సాధించామని 1958 జనవరిలో చాటి, కొన్ని నెలలకే మాట వెనక్కి తీసుకుంది.

ఆ దెబ్బ గుర్తుండబట్టే కాబోలు, 1968లో రష్యన్లు తమ టోకమాక్ (వేడి వాయువును, అంటే ప్లాస్మాను, అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే వలయాకార యంత్రం) కోటి డిగ్రీల దాకా వేడెక్కిందంటే పాశ్చాత్యులు పెదవి విరిచారు. రష్యన్ల నాయకుడు అర్త్సిమోవిచ్ వాదనకు దిగలేదు. వచ్చి మీరే కొలుచుకోండని బ్రిటిష్ వాళ్లను పిలిచారు. అదీ ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో! 1969లో బ్రిటన్‌లోని కల్హామ్ ప్రయోగశాల బృందం టన్నులకొద్దీ సామగ్రితో మాస్కో చేరింది. ప్లాస్మాలోకి లేజర్ కిరణం పంపి, ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిన కాంతిలో రంగు ఎంత మారిందో చూసి ఉష్ణోగ్రత లెక్కగట్టింది. రష్యన్లు చెప్పింది నిజమే. దాంతో అమెరికాలోని ప్రిన్స్‌టన్ వాళ్లు ఏళ్లుగా నమ్ముకున్న స్టెల్లరేటర్ అనే మరో రకం యంత్రాన్ని విప్పి టోకమాక్‌గా మార్చుకున్నారు. ఈ రంగంలో అసలు మలుపు ఇదే అంటాను.

తర్వాత చమురు సంక్షోభం, దాంతో నిధులు, పెద్ద యంత్రాలు. ఇంగ్లండ్‌లోని జెట్ అనే టోకమాక్ 1997లో 24 మెగావాట్ల వేడి పుచ్చుకుని 16 మెగావాట్లు తిరిగిచ్చింది. పెట్టుబడిని మించి రాబడి చూపింది 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియా లేజర్ కేంద్రం. ఆవగింజంత ఇంధన గుళిక ఉన్న చిన్న గొట్టంలోకి 192 కిరణాలు గురిపెట్టి 2.05 మెగాజౌల్స్ పోస్తే 3.15 వచ్చాయి. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ లేజర్లు వెలగడానికి గ్రిడ్ నుంచి లాగిన సుమారు 300 మెగాజౌల్స్ ఊసు మాత్రం చాలా వార్తల్లో అడుగునెక్కడో పడింది. ఇంటి మీటరు లెక్కన చూస్తే అది నష్టమే.

మన వంతు తక్కువేం కాదు. గాంధీనగర్ దగ్గర ఆదిత్య టోకమాక్ 1989లో పని మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి కడుతున్న భారీ టోకమాక్ ఐటర్‌ను చుట్టి ఉండే 3,800 టన్నుల పైచిలుకు క్రయోస్టాట్ తొడుగు ముక్కలు గుజరాత్‌లోని హజీరాలో తయారై ఓడల్లో వెళ్లాయి. కొత్త ప్రణాళిక ప్రకారం అక్కడ హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కలిసి మండేది 2039లో. అప్పటికీ కరెంటు రాదు, ఐటర్‌కు టర్బైన్ పెట్టడం లేదు.