సీ భాషలో అక్షరాల పఠనం, ముద్రణ

సీ ప్రోగ్రామింగ్ భాషలో కీబోర్డు నుండి ఒక్కొక్క అక్షరాన్ని చదవడానికి గెట్‌చార్, తెరపై ముద్రించడానికి పుట్‌చార్ అనే ఫంక్షన్లను వాడతారు. సీ భాషను 1972 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించాడు. ఈ ఫంక్షన్లను వాడే ప్రోగ్రాము మొదట్లో ఎస్‌టీడీఐఓ హెడర్ ఫైలును చేర్చాలి.

పనిచేసే విధానం

గెట్‌చార్ ఒక బైటును చదివి, దాని విలువను ఇంట్ రకపు పూర్ణాంకంగా ఇస్తుంది. ఇన్‌పుట్ ముగిసినప్పుడు ఈఓఎఫ్ అనే ఋణసంఖ్యను ఇస్తుంది. కావున ఫలితాన్ని చార్ రకపు చలరాశిలో కాక ఇంట్ రకపు చలరాశిలోనే ఉంచాలి. చార్‌లో ఋణసంఖ్యలు ఇమడని కంప్యూటర్లలో ఈ నియమం తప్పితే ముగింపు గుర్తుపట్టలేక లూపు ఆగదు.

సాధారణంగా ఎంటర్ మీట నొక్కిన తరువాతనే ప్రోగ్రాముకు అక్షరాలు అందుతాయి. ఎంటర్ కూడా 10 విలువ గల ఒక అక్షరమే. ఒక అక్షరం చదివిన వెంటనే మరొకటి అడిగితే, మిగిలిపోయిన ఈ 10 రెండవ అక్షరంగా వచ్చి చేరుతుంది. విద్యార్థులు తరచుగా తికమకపడేది ఇక్కడే.

తెలుగు అక్షరాలు

ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలును. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ప్రతి సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఉదాహరణకు "వ" అంటే 224, 176, 181 అనే మూడు బైట్లు.

పల్నాడు జిల్లాలోని "వినుకొండ" పట్టణం పేరు చదివేవారికి వి, ను, కొం, డ అని 4 అక్షరాలు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు, సున్న విడివిడిగా లెక్కకు వచ్చి 8 సంకేతాలవుతాయి. గెట్‌చార్‌కు మాత్రం అవి 24 బైట్లు. చదివిన బైట్లను అదే వరుసలో పుట్‌చార్‌కు అందిస్తే పేరు సరిగానే కనిపిస్తుంది. బైట్ల మధ్య ఖాళీ పెట్టినా, వరుస తిరగవేసినా, మొదటి 10 బైట్లకే పరిమితం చేసినా అక్షరం విరిగిపోయి అర్థంలేని గుర్తులు వస్తాయి. పేర్ల పట్టికలను తయారుచేసే ప్రోగ్రాములలో ఇది పెద్ద దోషం.

పరిష్కారం

సీ ప్రమాణానికి 1995లో చేసిన సవరణ ద్వారా గెట్‌డబ్ల్యుచార్, పుట్‌డబ్ల్యుచార్ ఫంక్షన్లు వచ్చాయి. ముందుగా సెట్‌లొకేల్ ద్వారా యూటీఎఫ్-8 లొకేల్‌ను ఎంచుకుంటే, ఇవి ఒక్కసారికి ఒక పూర్తి సంకేతాన్ని చదువుతాయి, ముద్రిస్తాయి. అప్పుడు "వినుకొండ" 8గా లెక్కకు వస్తుంది. 4 అక్షరాలుగా లెక్కించడానికి హల్లును దాని గుణింతం, ఒత్తు, సున్నలతో కలిపే నియమాన్ని ప్రోగ్రాము వ్రాసేవారే అదనంగా చేర్చుకోవాలి.

ఇవి కూడా చూడండి

* సీ
* యూనికోడ్
* తెలుగు లిపి