ఐదు డాలర్ల బొంత

బొంతల మీద రాస్తున్నానంటే మా టీములో కుర్రాళ్ళు నవ్వారు. "నీకెందుకు గురూ ఇవన్నీ, ప్రొడక్షన్ ఇష్యూ చూడు" అన్నారు. నవ్వితే నవ్వారు. మీలో చాలామంది చిన్నప్పుడు బొంత మీదే పడుకుని ఉంటారు కాబట్టి మీరు నవ్వరని నా ధైర్యం.

మాది బందరు దగ్గర. మా అమ్మమ్మ పాత నేతచీరలు నాలుగైదు మడతలేసి, అరుగు మీద పరిచి, మధ్యాహ్నాలు బొంత కుట్టేది. ఒకదానికి మాత్రం పైన బొమ్మలు కూడా వేసింది. చిరిగిపోయిన పెడన దుప్పట్లో పువ్వులు, ఓ రెండు చిలకలు కత్తిరించి తెల్ల పంచె మీద అతికించి కుట్టింది. దాన్ని నేను హైదరాబాద్ దాకా తెచ్చుకున్నాను. 2009లో ఫ్లాట్ మారుతున్నప్పుడు ఫ్రిజ్‌కి గీతలు పడకుండా ఆ బొంత చుట్టమని సామాన్లు మోసేవాళ్ళకి నేనే ఇచ్చాను. ఫ్రిజ్ వచ్చింది, బొంత రాలేదు. నేను అడగనూ లేదు. నా తప్పే, ఎవర్నీ అనడానికి లేదు.

సరే, అసలు విషయానికొస్తాను. 2021 చివర్లో ప్రాజెక్టు పని మీద బోస్టన్‌లో ఉన్నాను. అక్కడి మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో అమెరికన్ క్విల్టుల ప్రదర్శన పెట్టారు. వెళ్ళింది చలికి తట్టుకోలేక, అబద్ధమెందుకు. లోపల మసక వెలుతురు. బట్ట రంగు వెలిసిపోకుండా ఇలాంటి చోట్ల వెలుగు 50 లక్స్‌కి మించనివ్వరు, ఎక్కువ కాలం గోడకి వేలాడదీయరు కూడా. ఆ మసకలో రెండు పాత క్విల్టులు కనిపించాయి. రెండూ ఒకే మనిషి కుట్టినవి. ఒకటి బోస్టన్‌వాళ్ళది, రెండోది వాషింగ్టన్ నుంచి స్మిత్సోనియన్ వాళ్ళు పంపింది. ఆ రెండూ ఒక్కచోట జనానికి కనపడటం అదే మొదటిసారట. కుట్టినామె పేరు హారియెట్ పవర్స్.

ఈవిడ 1837లో జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ ఊరి దగ్గర బానిసగా పుట్టింది. అంతర్యుద్ధం అయ్యాక స్వేచ్ఛ వచ్చింది. భర్త ఆర్మ్‌స్టెడ్, చాలామంది పిల్లలు, కొంచెం పొలం. 1886లో ఏథెన్స్‌లో పత్తి సంత జరిగితే తను కుట్టిన క్విల్టు ఒకటి అక్కడ ప్రదర్శనకి పెట్టింది. పదకొండు గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో బైబిలు కథ. ఆదాము, అవ్వ, పాము (ఈ పాముకి కాళ్ళున్నాయి!), నిచ్చెన, జంతువులు, సూర్యుడు, నక్షత్రాలు. అన్నీ గుడ్డముక్కలే. ఆ ఊళ్ళోనే డ్రాయింగ్ నేర్పే జెన్నీ స్మిత్ అనే తెల్ల టీచరు దాన్ని చూసి వెతుక్కుంటూ వెళ్ళి కొంటానంది. హారియెట్ ఎంతిచ్చినా అమ్మనంది.

కొన్నేళ్ళకి రోజులు బాగాలేక తనే కబురు పెట్టింది. అప్పుడు టీచరు దగ్గర డబ్బు లేదు. చివరికి 1891 ప్రాంతంలో బేరం కుదిరింది. హారియెట్ ఎద్దుబండిలో, క్విల్టుని పిండిసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. పది డాలర్లు అడిగింది. టీచరు ఐదే ఇవ్వగలనంది. హారియెట్ బయటికెళ్ళి భర్తతో మాట్లాడి వచ్చి, కాలం బాగాలేదు తీసుకోమంటున్నాడని చెప్పి ఇచ్చేసింది. ఇచ్చేముందు ఒక్కో గడిలో ఏ కథ ఉందో వివరంగా చెప్పింది, టీచరు రాసుకుంది. తర్వాత కూడా ఆవిడ చాలాసార్లు టీచరింటికి వచ్చేదట, తన క్విల్టుని చూసుకుని పోవడానికి. ఈ సంగతి చదివాక నాకు ఫ్రిజ్ గుర్తొచ్చింది.

రెండో క్విల్టు ముందు నేను ఇంకా ఎక్కువసేపు నిలబడ్డాను. 1895-98 మధ్య కుట్టింది, పదిహేను గళ్ళు. సగానికి పైగా బైబిలు కథలే గానీ, మిగతావాటిలో ఎక్కువ నిజంగా జరిగిన ప్రకృతి వింతలు. 1780 మే 19న న్యూ ఇంగ్లండ్‌లో పట్టపగలు చీకటి పడి, జనం మధ్యాహ్నం దీపాలు పెట్టుకున్నారు. అది ఒక గడి. ఒంటారియో అడవుల్లో మంటల పొగ వల్ల అలా జరిగిందని చెట్ల వలయాలు పరిశీలించి ఈమధ్యనే తేల్చారు. (2023 జూన్‌లో న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ఆకాశం నారింజరంగులోకి తిరిగింది కెనడా పొగకే కదా.) ఇంకో గడిలో 1833 నవంబరు 13 రాత్రి, నక్షత్రాలు రాలిపోయిన రాత్రి. గంటకి పదుల వేల ఉల్కలు పడ్డాయని అంచనా. లోకం అంతమైపోతోందని జనం మోకాళ్ళ మీద పడ్డారు. 33 ఏళ్ళకోసారి వచ్చే టెంపుల్-టటిల్ తోకచుక్క వదిలిన ధూళి అదని మనకిప్పుడు తెలుసు. 1895 ఫిబ్రవరి చలికి మనుషులు నిలువునా గడ్డకట్టడం మరో గడి. అందులో ఒకామె ప్రార్థన చేస్తూ గడ్డకట్టింది, ఒకాయన సారా జాడీ పక్కన గడ్డకట్టాడు. వీళ్ళందరి మధ్యా బెట్స్ అనే పంది కూడా ఉంది! జార్జియా నుంచి వర్జీనియాకి 500 మైళ్ళు పరుగెత్తిన స్వతంత్ర పంది అది. బానిసగా పుట్టినామె ఆ పందికి క్విల్టులో అంత చోటెందుకిచ్చిందో నేను విప్పి చెప్పను.

ఒక్కటి గమనించండి. 1780కి, 1833కి హారియెట్ అసలు పుట్టనేలేదు. అవన్నీ విన్నవి. తారీఖులతో సహా నోటి మాటగా రెండు మూడు తరాలు దాటి వచ్చాయి. మనకీ అంతే కదా. మా అమ్మమ్మ ఎవరి వయసు చెప్పినా "ఉప్పెనకి ముందు పుట్టాడు", "ఉప్పెన తర్వాత మూడో ఏడు" అనేది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన ఆవిడ క్యాలెండరుకి ఒకటో తారీఖు. హారియెట్ చూడని నక్షత్రాలు రాలిన 1833లోనే గుంటూరు సీమలో నందన కరువు. ఎముకలు తేలిపోయాయి కాబట్టి డొక్కల కరువని కూడా అన్నారు. మనవాళ్ళు దాన్ని మాటలో దాచుకున్నారు, ఈవిడ గుడ్డలో దాచింది.

క్విల్టు అంటే సాంకేతికంగా మూడు పొరలు. పైన బొమ్మలున్న గుడ్డ, మధ్యలో దూది, అడుగున అస్తరు. మూడింటినీ కలిపి పట్టి ఉంచేది కుట్టు. మన త్రీ-టయర్ ఆర్కిటెక్చర్ అనుకోండి. మధ్య పొర ఎవరికీ కనపడదు, వెచ్చదనమంతా దాంట్లోనే. బొమ్మల క్విల్టుల్లో గుడ్డముక్కని ఆకారంగా కత్తిరించి ఇంకో గుడ్డ మీద కుట్టే పద్ధతిని అప్లికే అంటారు. పశ్చిమాఫ్రికాలో దహోమీ రాజ్యపు గుడ్డబొమ్మలకీ హారియెట్ బొమ్మలకీ పోలిక ఉందని పరిశోధకులు ఎప్పట్నించో అంటున్నారు. పోలిక మాత్రం కంటికే కనిపిస్తుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఇది నేను ఊహించలేదు. అదే ప్రదర్శనలో ఓ పక్కన ఇంకా పాత పద్ధతి గురించి చదివాను, పేరు బ్రోడెరీ పెర్స్. పేరుకి పర్షియా కుట్టే గానీ పర్షియాకి సంబంధమేం లేదు. ఖరీదైన పూల చింట్జ్ గుడ్డలోంచి పువ్వులు, పక్షులు, కొమ్మలు కత్తిరించి తెల్లగుడ్డ మీద పేర్చి కుట్టడం. ఆ చింట్జ్ మొదట్లో ఎక్కడిదంటే మన కోరమాండల్ తీరానిది. 1605-06లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగింది ఈ గుడ్డల కోసమే. జీవవృక్షం వేసిన పెద్ద పెద్ద పలంపోర్ దుప్పట్లు ఇక్కడినుంచే ఓడలెక్కాయి. తమ నేతగాళ్ళు గొడవ చేస్తే 1686లో ఫ్రాన్సు, 1700, 1721 చట్టాలతో ఇంగ్లండు ఈ అద్దకం గుడ్డల్ని ఆపేశాయి. కానీ ఇంగ్లండు తను వాడుకోవద్దంటూనే అమెరికా వలసలకి మాత్రం పంపనిచ్చింది. (వ్యాపారం వ్యాపారమే.) తర్వాత తర్వాత ఇంగ్లండు మిల్లులే మన పూలని కాపీకొట్టి అచ్చేసి అమ్మాయి. అక్కడి ఆడవాళ్ళు గజం గుడ్డతో పది గజాల తోట వచ్చేలా కత్తిరించి కుట్టుకున్నారు. అంటే మా అమ్మమ్మ పెడన దుప్పటి ముక్కలతో చేసింది సరిగ్గా ఆ పనే. ఆవిడకి బ్రోడెరీ పెర్స్ అంటే ఏ ఊరి పేరో అనుకునేది.

హారియెట్ ఒక్కతే కాదు. అయోవాలో ఎలెన్ హార్డింగ్ బేకర్ అనే ఆవిడ సౌరకుటుంబం మొత్తాన్ని ఉన్నిగుడ్డ మీద కుట్టింది. నల్లటి నేపథ్యంలో సూర్యుడు, కక్ష్యలు, గ్రహాలు, మూలన తోకచుక్క. దాని మీద 1876 అని కూడా కుట్టి ఉంది. ఆవిడ చుట్టుపక్కల ఊళ్ళలో ఖగోళశాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చేటప్పుడు దాన్ని వేలాడదీసి చూపించేది. ఇప్పుడు మనం చేసే పవర్‌పాయింటే, కాకపోతే హ్యాంగవదు. ఆ క్విల్టూ స్మిత్సోనియన్‌లోనే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఇవన్నీ పక్క మీద పరుచుకునే సామానే. 1971లో జోనథన్ హోల్‌స్టీన్, గేల్ వాన్ డెర్ హూఫ్ అనే ఇద్దరు న్యూయార్కు విట్నీ మ్యూజియంలో క్విల్టుల్ని పెయింటింగుల్లా గోడకెక్కించారు. జనం ఎగబడ్డారు. ఆ ప్రదర్శన వల్లే క్విల్టుకి గౌరవం వచ్చిందని అందరూ రాస్తారు. నాకు మాత్రం దాంతో ఒక పేచీ ఉంది. వాళ్ళు కావాలనే ముక్కలు కలిపి కుట్టిన రేఖాగణితం డిజైన్లకే పెద్దపీట వేశారు, ఎందుకంటే అవి అప్పటి ఆధునిక చిత్రకళలా కనిపించాయి. పందులు, తోకచుక్కలు, పాములున్న క్విల్టులకి అక్కడ చోటు తక్కువ. కుట్టినవాళ్ళ పేర్లు కూడా చాలావాటికి లేవు. గోడెక్కింది క్విల్టు, కుట్టినామె ఇంకా కిందే ఉంది.

1979లో ఇంకో ఏథెన్స్‌లో, ఈసారి ఒహాయో రాష్ట్రంలో, కూల్చేయబోయిన పాత పశువుల కొట్టాన్ని కాపాడుకుని అందులో క్విల్ట్ నేషనల్ అనే ప్రదర్శన మొదలుపెట్టారు. నాన్సీ క్రో, ఫ్రాన్స్వాజ్ బార్న్స్ లాంటివాళ్ళు పూనుకున్నారు. సంప్రదాయ పోటీల్లో వాళ్ళ క్విల్టులు చెల్లక, సొంత గోడ వెతుక్కున్నారు. అప్పట్నించి రెండేళ్ళకోసారి జరుగుతోంది. ఆర్ట్ క్విల్ట్ అనే మాట ఇలాంటి వాటితోనే నిలబడింది.

ఇప్పటివాళ్ళు చెట్టునో కొంగనో ఎలా కుడతారంటే, ముందు ఫొటో. దాన్ని గీతలుగా మార్చి అసలు సైజుకి పెంచి కాగితం మీద నమూనా వేసుకుంటారు. ప్రతి ముక్కకీ నంబరు. తర్వాత గుడ్డలు ఏరడం. ఇక్కడ రంగు కంటే ముదురు లేతలే ముఖ్యం, ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ పెట్టి సరిచూసుకుంటారు. ముక్కల్ని జిగురు వలతో ఇస్త్రీపెట్టి అతికిస్తారు. మూడు పొరలూ వేశాక మిషన్లో గుడ్డని లాగే పళ్ళని కిందికి దించేసి, చేతులతో గుడ్డని తిప్పుతూ దారంతోనే ఆకుల ఈనెలు, ఈకలు, నీళ్ళ అలలు గీస్తారు. సూది కదలదు, కాగితం కదిలితే బొమ్మ వస్తుంది, అలాగన్నమాట. వెనకాల పైఅంచున కర్ర దూర్చడానికి నాలుగంగుళాల గొట్టం కుట్టకపోతే ప్రదర్శనకి తీసుకోరు.

ఇక మనవాళ్ళకి పనికొచ్చే కథ. 1992లో స్మిత్సోనియన్‌వాళ్ళు తమ దగ్గరున్న కొన్ని క్విల్టుల్ని కాపీ చేసి అమ్ముకోవడానికి లైసెన్సిచ్చారు. వాటిలో హారియెట్ బైబిల్ క్విల్టు కూడా ఉంది. కుట్టింది చైనాలో. అమెరికా కుట్టుపనివాళ్ళు మండిపడ్డారు, పిటిషన్లు పెట్టారు. మన జాతీయ సంపదని తక్కువ కూలీకి బయట కుట్టిస్తారా అన్నారు. అవుట్‌సోర్సింగ్ మీద బతికే నేను ఆ వార్త చదువుతూ ఎవరి పక్షమో తేల్చుకోలేకపోయాను. చైనాలో కుట్టినామెకి ఎంత ముట్టిందో అన్న ఆలోచన ఒకటి, బందరు పూలని మాంచెస్టరు కాపీ కొట్టినప్పుడు ఎవరు పిటిషన్ పెట్టారన్న ఆలోచన ఇంకొకటి. హారియెట్‌కి ముట్టింది ఐదు డాలర్లే.

చాలాకాలం ఈవిడకి చదువు రాదనీ, చేసినవి రెండే క్విల్టులనీ రాసుకుంటూ వచ్చారు. కైరా హిక్స్ అనే పరిశోధకురాలు ఓపిగ్గా పాత కాగితాలు తవ్వితే హారియెట్ 1896లో రాసిన ఉత్తరం ప్రతి దొరికింది. తను చదవడం నేర్చుకున్నానని, ఇంకా క్విల్టులు కుట్టానని అందులో చెప్పింది. హిక్స్ పుస్తకం 2009లో వచ్చింది. అంటే ఆవిడ తన గురించి తనే చెప్పిన మాట మనకి చేరడానికి నూరేళ్ళు పైనే పట్టింది. మిగతా క్విల్టులు ఎక్కడున్నాయో! ఏ ఫ్రిజ్‌కి చుట్టారో.

ఆ రాత్రి హోటల్ నుంచి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. పంది కథకి నవ్వింది.

"దూది పెట్టిందా, పాత గుడ్డలు పెట్టిందా లోపల?" అంది.

"దూది అనుకుంటానే. గోడకి వేలాడదీశారు, వెనకవైపు కనపడదు."

"వెనక చూడకుండా కుట్టు ఎలా ఉందో నీకేం తెలిసిందిరా? మీ అమ్మమ్మ అయితే ముందు తిరగేసి చూసేది" అంది. తర్వాత కాసేపాగి, ఆ చిలకల బొంత ఇంకా నా దగ్గరే ఉందా అని అడిగింది.