నకలు నిలిపిన గ్రంథాలు

హిజ్రీ 377 (క్రీ.శ. 987)లో బగ్దాదు నగరంలో ఇబ్ను నదీమ్ 'అల్ ఫిహ్రిస్త్' అనే గ్రంథసూచిని కూర్చాడు. తన కాలం వరకు అరబీ భాషలో వెలువడిన గ్రంథాలను, వాటి కర్తలను అందులో పరిచయం చేశాడు. ఆయన పేర్కొన్న గ్రంథాలలో అనేకం నేడు లేవు. వాటి పేర్లు మాత్రమే మిగిలాయి. సూచిక ఉన్నా నకలు లేకపోతే గ్రంథం దక్కదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఈ లోటు తీర్చడానికి మన గడ్డపై జరిగిన గొప్ప ప్రయత్నం హైదరాబాదులో 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్. అరుదైన అరబీ వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, పరిష్కరించి అచ్చువేయడం దాని పని. అల్ బీరూనీ పదకొండవ శతాబ్దిలో రచించిన ఖగోళశాస్త్ర గ్రంథం 'అల్ ఖానూనుల్ మస్ఊదీ' 1954-56 సంవత్సరాలలో ఇక్కడనే మూడు సంపుటాలుగా వెలువడింది. అచ్చుయంత్రం ఆనాటి సాధనం. కొద్దిచోట్ల మాత్రమే ఉన్న గ్రంథాన్ని అది లోకంలోని అనేక విద్యాలయాలకు చేర్చింది.

నకలు విలువ ఆపదలోగాని తెలియదు. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచిన వరదలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ గ్రంథ సంచయం నీట తడిసింది. ఎన్నో ఏండ్ల సేకరణకు ఒక్కరోజు వాన ముప్పు తెచ్చింది.

ఆ దశకంలోనే కంప్యూటరు మన గ్రంథాలయాలలో కొత్త బాధ్యతను స్వీకరించింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది తెలుగు, ఉర్దూ పుస్తకాలు స్కాన్ అయ్యాయి. విశ్వవిద్యాలయాల పరిశోధన వ్యాసాలను ఎలక్ట్రానిక్ రూపంలో కూడా సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన చేసింది. అవి 'శోధగంగ'లో చేరి అందరికీ అందుతున్నాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం కూడా తన కథలను స్కాన్ చేసి ఇంటర్నెట్టులో ఉంచింది.

అయితే కంప్యూటరులో చేరినంత మాత్రాన గ్రంథం శాశ్వతమైనట్లు కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటే కొంతకాలానికి మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరిన ప్రతులే అప్పుడు చదువరులను ఆదుకున్నాయి. పైగా ఉర్దూ నస్తాలీఖ్ లిపిలోని పేజీ బొమ్మను వెదకదగిన అక్షరాలుగా మార్చడం నేటికీ సులభం కాదు. యంత్రం మారినా ఇబ్ను నదీమ్ నాటి నియమం మారలేదు: మంచి సూచిక కావాలి, ఒకటికి మించి నకళ్లు వేర్వేరు చోట్ల ఉండాలి.

ఉద్దానం తీరానికి ఈ నియమం మరీ ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరం దాటింది. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. గాలివానకు ఇల్లు చెదరవచ్చు, రేవు కోసం ఊరు కదలవచ్చు. అటువంటప్పుడు ఇంటి పెట్టెలోని పాత నిఖానామాలు, భూమి కాగితాలు, మసీదు రిజిస్టర్లు, పెద్దలు చదివిన కితాబులు ఏమవుతాయి? చేరువలోని కళాశాల గ్రంథాలయంలో ఒక స్కానరు, వాటి వివరాలు వ్రాసిపెట్టే ఓపిక గల విద్యార్థులు ఇద్దరు ఉంటే వాటికి నకళ్లు ఏర్పడతాయి. దాయిరతుల్ మఆరిఫ్ పండితులు అచ్చుయంత్రంతో చేసిన సేవను ఈనాటి విద్యార్థి తన ఊరి కాగితాలతో ప్రారంభించవచ్చు. ఆపద వచ్చిన తర్వాత మాత్రం ఆ అవకాశం ఉండదు.