తులం లెక్క, దేగ్ రుచి

గౌడవెల్లి, మేడ్చల్ ప్రాంతాల్లో వలీమా అయినా, గ్యార్వీ నియాజ్ అయినా దస్తర్‌ఖాన్ మీద కూర్చున్న పెద్దల నోట ఒక మాట వస్తూనే ఉంటుంది: "అన్నీ వేసిన్రు గానీ, ఆనాటి రుచి లేదు." తప్పంతా బావర్చీదే అనుకుంటాము. కాని కొంత తప్పు తూకాల చరిత్రలో ఉన్నదని మేము మనవి చేయదలచాము.

మన నానీలు, దాదీలు చెప్పిన వంటలెక్క అంతా సేర్లలో, తులాలలో ఉండేది. 5 తులాలు ఒక ఛటాకు, 4 ఛటాకులు పావుసేరు, 16 ఛటాకులు, అంటే 80 తులాలు ఒక పక్కా సేరు. 1939 నాటి చట్టం బ్రిటిషు ఇండియాకు ఖాయం చేసినదీ ఈ సేరునే. రూపాయికి 16 అణాలు, సేరుకు 16 ఛటాకులు. అణాల లెక్క వచ్చినవారికి వంటింటి లెక్క వేరే నేర్పనక్కరలేదు. పావలా వంతు పావుసేరు, బేడ వంతు రెండు ఛటాకులు. పైగా హైదరాబాదు వాళ్లకు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకునే అలవాటు ఉండనే ఉన్నది. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలని బజారులో నోటిలెక్క వేసేవారు.

ఆంధ్ర జిల్లాల్లో మాత్రం తూకం సేరు 24 తులాలే. 1956 నవంబరు 1న అందరం ఒక్క రాష్ట్రమయ్యేసరికి 'సేరు' అన్న ఒక్క మాటకే ఇక్కడ 933 గ్రాములు, అక్కడ 280 గ్రాములు!

ఆ సంవత్సరమే పార్లమెంటు కొత్త తూకాల చట్టం చేసింది. 1958 అక్టోబరు నుంచి కిలోలు ప్రవేశించి, 1962 ఏప్రిల్ నాటికి దేశమంతటా తప్పనిసరి అయినవి.

చిక్కు ఇక్కడే వచ్చింది. సేరు కిలోకు దగ్గరే గదా అని సేరు అన్నచోట కిలో అన్నారు. అన్నిటినీ అదే పాలున పెంచితే నష్టం లేదు. కాని 11.66 గ్రాముల తులాన్ని సులువుగా ఉంటుందని 10 గ్రాములు చేశారు. గోష్ పెరిగింది, మసాలా తగ్గింది. సేరు గోష్‌కు తులం గరం మసాలా అంటే 80వ వంతు. కిలోకు 10 గ్రాములంటే 100వ వంతు. ఐదో వంతు మసాలా మాయం! కిలోకు పన్నెండున్నర గ్రాములు పడాలి.

ఇంట్లో అయితే రుచి చూసి ఇంకో చిటికెడు వేస్తారు. దేగ్‌కు సామాను చీటీ ప్రకారం వస్తుంది. 30 కిలోల గోష్‌కు 375 గ్రాములు రావలసినచోట 300 వస్తే, చందాలు పోగుచేసి పెట్టిన దావత్‌కు పేరు చెడుతుంది. నెయ్యి కూడా అంతే: సేరుకు రెండు ఛటాకులంటే ఎనిమిదో వంతు, కాబట్టి 30 కిలోలకు పౌనే చార్, అంటే పావు తక్కువ నాలుగు కిలోలు.

నీళ్లు ఈ లెక్కకు లొంగవు. పెద్ద దేగ్‌లో బియ్యం పెరిగినంతగా ఆవిరి పెరగదు. ఇంటి కొలతను 30 రెట్లు చేసి పోస్తే బగారా ముద్ద అవుతుంది. అది బావర్చీ చేతికే వదిలిపెట్టాలి.

ఇళ్లలో పాత ఉర్దూ చీటీలు ఉన్నవారు ముందు ప్రతి దినుసు గోష్‌లో ఎన్నో వంతో రాసుకుని, ఆ తర్వాతే కిలోల్లోకి మార్చాలి. బియ్యం దగ్గర మాత్రం అది తూచే సేరా, కొలిచే సేరా అని ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి పక్కన రాసి పెట్టుకోండి. చాలా ఇళ్లలో బియ్యం తూచేవారు కాదు, కొలిచేవారు.