ఇంటి నుంచి పని: కంపెనీని ఒప్పించడం ఎలా?

అనంతపురం పట్టణం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం మండలంలో చదువుకు కొదవ లేదు. రోటరీపురంలో ఇంజనీరింగ్ కాలేజీ, జంతలూరులో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. కానీ చదువు ముగిశాక ఉద్యోగం కోసం పిల్లలు వెళ్లేది రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న బెంగళూరుకో, లేదంటే హైదరాబాద్‌కో. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. వేరుశనగ చేతికి రాని ఏడాది ఆ జీతమే ఇంటికి ఆధారం. నాయనకు ఆరోగ్యం బాగాలేదనో, చంటిబిడ్డను చూసుకునేవాళ్లు లేరనో ఊరికి రావాలనుకున్నా, ఉద్యోగం వదులుకోవడం అంత తేలిక కాదు. అలాంటివాళ్లకు మిగిలిన దారి, ఇంటి నుంచి పని చేసేందుకు కంపెనీని ఒప్పించడం.

చట్టం ఏం చెబుతోంది?

ఇంటి నుంచి పని చేయడం ఉద్యోగుల హక్కు అని చెప్పే సాధారణ చట్టం మన దేశంలో లేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మాత్రం ఒక దారి చూపింది. పని స్వభావం అనుకూలిస్తే, ప్రసూతి సెలవు ముగిశాక ఇంటి నుంచి పని చేయడానికి యజమాని అనుమతించవచ్చు. ఎంత కాలం, ఏ షరతులతో అనేది ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఇది కూడా యజమాని ఒప్పుకుంటేనే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఇలాంటి వెసులుబాటు అడిగే హక్కు ఉంది. అక్కడ కూడా ఉన్నది అడిగే హక్కే, తప్పకుండా దొరుకుతుందన్న హామీ లేదు.

కంపెనీలు ఎటు పోతున్నాయి?

2020 మార్చి లాక్‌డౌన్‌తో ల్యాప్‌టాప్‌లు పల్లెలకు చేరాయి. 2025 నాటికి ఏ సమయంలోనైనా 25 శాతం మంది సిబ్బంది ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ 2020లో చెప్పింది. అదే టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రమ్మంది. కాబట్టి "అప్పట్లో చేశాం కదా" అనే మాట ఇప్పుడు చాలదు.

అడిగే ముందు

ముందు నియామక పత్రం, కంపెనీ నిబంధనలు చదవాలి. క్లయింట్ ఒప్పందంలో డేటా భద్రత షరతులు ఉంటే మేనేజర్ ఒక్కరి అనుమతి సరిపోదు. తర్వాత ఇంటి ఏర్పాట్లు చూసుకోవాలి. ఫైబర్ కనెక్షన్, అది పోతే వాడుకునేందుకు వేరే కంపెనీ సిమ్, కరెంటు పోతే ఇన్వర్టర్, తలుపు వేసుకోగలిగే గది కావాలి. "పల్లెలో నెట్ ఉంటుందా?" అనేది మొదటి ప్రశ్నే అవుతుంది. అడగకముందే జవాబు చేతిలో ఉండాలి.

లేఖలో ఏం ఉండాలి?

ఇంటి కష్టం రెండు మూడు వాక్యాల్లో నిజాయితీగా చెబితే చాలు. మిగతాదంతా పని గురించే ఉండాలి. గత ఆరు నెలల్లో పూర్తి చేసిన పనులు, ఇంటి నుంచి చేయగలిగేవి, ఆఫీసుకు రాక తప్పనివి విడివిడిగా రాయాలి. ఏ వేళల్లో అందుబాటులో ఉంటారో, ఎవరికి ఎప్పుడు రిపోర్ట్ ఇస్తారో చెప్పాలి. శాశ్వతంగా కావాలని కాకుండా, మూడు నెలలు చూసి నిర్ణయించమని అడిగితే మేనేజర్‌కు ఒప్పుకోవడం సులభం. నెలకు ఇన్ని రోజులు బెంగళూరు వస్తానని ముందే చెప్పడం ఇంకా మంచిది.

ఆధారాలూ ఉన్నాయి. చైనా ట్రావెల్ సంస్థ సీట్రిప్ కాల్ సెంటర్‌లో తొమ్మిది నెలలు జరిగిన ప్రయోగంలో ఇంటి నుంచి పని చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. అదే సంస్థలో 1,612 మందిపై జరిపిన మరో అధ్యయనం 2024లో వెలువడింది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తే రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. అయితే మొదటి ప్రయోగంలో ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు, పనితీరుతో పోల్చి చూస్తే ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. చాలామంది ఒంటరితనం భరించలేక మళ్లీ ఆఫీసుకు వెళ్లారు. అడిగేవాళ్లు ఇదీ లెక్కలో వేసుకోవాలి.

ఒప్పుకుంటే, కాదంటే

ఒప్పుకుంటే నోటిమాటతో సరిపెట్టుకోకూడదు. వ్యవధి, జీతంలో మార్పు, ల్యాప్‌టాప్ బాధ్యత, వెనక్కి పిలిస్తే ఎన్ని రోజుల గడువు అనేవి మెయిల్‌లో రాయించుకోవాలి. సొంతింట్లో ఉంటూ అద్దె కట్టకపోతే ఇంటి అద్దె భత్యంపై పన్ను మినహాయింపు రాదు.

కాదంటే, కారణం అడిగి తెలుసుకోవాలి. వారానికి రెండు రోజులు, లేదా బిడ్డకు ఏడాది నిండే దాకా అని తగ్గించి మళ్లీ అడగొచ్చు. చెప్పకుండా ఊరికి వచ్చి పని చేయడం మాత్రం ప్రమాదం. లాగిన్ ఎక్కడి నుంచి జరిగిందో కంపెనీకి తెలిసిపోతుంది, ఉద్యోగానికే ఎసరు రావచ్చు. చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా "ఇవ్వకపోతే మానేస్తా" అనకపోవడమే మంచిది. జీతం మీద ఆధారపడిన ఇంటికి ఒక నెల ఖాళీ కూడా బరువే.